అమెరికా పాత జనగణన పుటలు: ఫ్యామిలీసెర్చ్ సేవపై ఒక సమీక్ష

అమెరికాలో నాలుగైదు తరాలుగా ఉంటున్న కుటుంబపు పూర్వచరిత్రను వెలికితీయదలచినవారు ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే నేను ఫ్యామిలీసెర్చ్ పేరే చెబుతాను. ఇది పూర్తిగా ఉచితమైన సేవ. 1790 నుంచి 1950 వరకు అమెరికా ప్రభుత్వం పదేళ్లకోసారి జరిపిన జనగణనల్లో నేటికి మిగిలిన పుటలను, వాటిలోని పేర్ల సూచికలను ఇంట్లో కూర్చునే చూసుకోవచ్చు. వీలునామాలు, చర్చి రిజిస్టర్లు, ఓడ ప్రయాణికుల జాబితాలు కూడా ఇందులో ఉన్నాయి కాని, ఈ సమీక్ష జనగణన భాగానికే పరిమితం. నా అభిప్రాయాన్ని ముందే చెబుతాను. అసలు పుటను మన కళ్లముందు ఉంచడంలో ఈ సేవ చేస్తున్న ఉపకారం చాలా గొప్పది. మనం వెతికినప్పుడు అది చూపించే ఫలితాల పట్టికను మాత్రం పుటతో సరిచూసుకోకుండా నమ్మకూడదు.

తెలుగువారికి దీనితో పనేమిటన్న సందేహం రావచ్చు. మన కుటుంబాల్లో అమెరికన్ కోడళ్లు, అల్లుళ్లు ఇప్పుడు కొత్త కాదు. వంశవృక్షం గీసుకురమ్మని అక్కడి బడిలో చెప్పినప్పుడు, మనవళ్లకు నాన్న వైపు సంగతులు చెప్పడానికి తాతయ్య, నాయనమ్మ ఉంటారు. అమ్మ వైపు ముత్తాతల గురించి చాలా అమెరికన్ ఇళ్లలో చెప్పగలిగినవారు మిగలలేదు. ఆ లోటును తీర్చేది ఈ పుటలే. ఇవి కాక, అమెరికాకు తొలినాళ్లలో వెళ్లిన మనవారి జాడలు వెతికేవారికి కూడా వీటితో అవసరం పడుతుంది. ఆ విషయానికి తరువాత వస్తాను.

ఈ సేవను నడుపుతున్నది యూటా రాష్ట్రం సాల్ట్ లేక్ సిటీ కేంద్రంగా ఉన్న లాటర్ డే సెయింట్స్ (మార్మన్) చర్చి. పూర్వీకుల ఆత్మల పట్ల తమకున్న మతవిశ్వాసం వల్ల వారు 1894లోనే వంశచరిత్ర సంఘాన్ని స్థాపించారు, 1938 నుంచి ప్రపంచమంతా తిరిగి రికార్డులను మైక్రోఫిల్ముకు ఎక్కించారు, 1999లో వెబ్‌సైటు తెరిచారు. దాదాపు 24 లక్షల ఫిల్ము చుట్టలను డిజిటల్ రూపంలోకి మార్చే పని 2021లో పూర్తయింది. వాడుకోవడానికి ఖాతా తెరవాలి. దానికి రుసుము లేదు, మతంతో నిమిత్తం లేదు. ఇంత పెద్ద భాండాగారాన్ని డబ్బు అడగకుండా నిలబెట్టినందుకు ఆ సంస్థ పట్ల నాకు నిజమైన గౌరవం ఉంది.

పుటలోకి వెళ్లేముందు ఏ ఏడాది ఏం అడిగారో తెలిసి ఉండాలి. తెలియకపోతే లేని సమాచారం కోసం గంటలు గంటలు వృథా అవుతాయి. 1790 నుంచి 1840 వరకు ఇంటి పెద్ద పేరు ఒక్కటే రాసి, మిగిలినవారిని వయసుల వారీగా అంకెల్లో లెక్కగట్టారు. స్వేచ్ఛాపౌరులందరి పేర్లు విడివిడిగా రాయడం 1850లో మొదలైంది. ఇంటి పెద్దకు ఎవరు ఏమవుతారో రాసే గడి, తల్లిదండ్రులు పుట్టిన చోటు రాసే గడి 1880లో వచ్చాయి. అంతకు ముందటి పుటల్లో ఒకే ఇంట కనిపించే స్త్రీ భార్యో, చెల్లెలో, వదినో ఆ పుటను బట్టి చెప్పలేం. చాలా వంశవృక్షాలు తప్పుదారి పట్టేది ఇక్కడే.

అన్నిటిలోకీ 1900 నాటి పుట నాకు ఎక్కువ విలువైనదిగా తోస్తుంది. పుట్టిన నెల, సంవత్సరం, పెళ్లయి ఎన్నేళ్లయింది, అమెరికాకు ఏ ఏడాది వచ్చారు, పౌరసత్వం తీసుకున్నారా అన్నవన్నీ అందులో ఉంటాయి. వాటితోపాటు ప్రతి తల్లినీ ఎంతమంది బిడ్డలను కన్నావని, వారిలో ఎంతమంది బతికి ఉన్నారని అడిగారు. ఎనిమిది, అయిదు అన్న రెండు అంకెలు పక్కపక్కన కనిపించినప్పుడు ఏ కుటుంబ పత్రంలోనూ పేరు మిగలని ముగ్గురు పసివాళ్లు ఉండేవారని మనకు తెలుస్తుంది. వారి సమాధుల కోసం, చర్చి రిజిస్టర్లలో వారి పేర్ల కోసం వెతకాలన్న ఆలోచన వచ్చేదీ అప్పుడే. 1930లో రేడియో ఉందా అని కూడా అడిగారు. 1940లో చదువు, అంతకు ముందరి ఏడాది జీతం, 1935 ఏప్రిల్ 1న ఎక్కడ నివసించారన్న ప్రశ్న చేరాయి. ఆర్థిక మాంద్యం రోజుల్లో ఊళ్లు మారిన కుటుంబాల ప్రయాణాన్ని అర్థం చేసుకోవడానికి ఈ చివరి ప్రశ్న ఎంతో తోడ్పడుతుంది.

నల్లజాతి కుటుంబాల విషయం వేరుగా చెప్పుకోవాలి. 1850, 1860 జనగణనల్లో బానిసలుగా ఉన్నవారికి ప్రత్యేకమైన పట్టికలు వేశారు. వాటిలో యజమాని పేరు కింద ప్రతి మనిషికీ వయసు, స్త్రీ పురుష భేదం, రంగు మాత్రమే రాశారు. పేరు, చాలా అరుదైన పుటల్లో తప్ప, ఉండదు. 1865లో బానిసత్వం రద్దయిన తరువాత, 1870 జనగణనలో ఆ లక్షలాది మంది పేరు, ఇంటిపేరుతో మొదటిసారిగా కనిపిస్తారు. అందుకే ఆ కుటుంబాల చరిత్ర వెతికేవారు 1870ని అడ్డుగోడ అని పిలుస్తారు. ఆ గోడను దాటడానికి జనగణన ఒక్కటే చాలదు. విముక్తుల సహాయం కోసం అంతర్యుద్ధం ముగిసే దశలో, 1865లో, ఏర్పడిన ఫ్రీడ్‌మెన్స్ బ్యూరో రికార్డులను 2015లో వేలాది స్వచ్ఛంద సేవకులు సూచికీకరించడం మొదలుపెట్టి మరుసటి ఏడాదికి పూర్తిచేశారు. అవి ఫ్యామిలీసెర్చ్‌లోనే ఉన్నాయి. 1870 పుటలోని కుటుంబాన్ని ఆ రికార్డుల్లోని పని ఒప్పందాలతో, పెళ్లి నమోదులతో జతచేసి చూస్తేనే యజమాని పేరు బయటపడే అవకాశం ఉంటుంది. ఆ పేరు దొరికాక 1860 పట్టికకు వెళ్లి, వయసులు సరిపోయే పేరులేని వరుసను గుర్తించాలి. ఈ సేవ సమాజానికి చేసిన మేళ్లలో ఇది అన్నిటికన్నా పెద్దదని నేను భావిస్తాను.

ఇక వెతికే పద్ధతి. పేరు, పుట్టిన చోటు, పుట్టిన సంవత్సరాల పరిధి, జీవిత భాగస్వామి పేరు, తల్లిదండ్రుల పేర్లు ఇచ్చి వెతకవచ్చు. కొత్తగా వచ్చినవారు తెలిసినవన్నీ నింపి, ఫలితం రాలేదని నిరాశపడుతుంటారు. తక్కువ నింపడమే మేలు. గణకుడు ఇంటి గుమ్మంలో నిలబడి, తనకు అలవాటు లేని జర్మన్, పోలిష్, ఇటాలియన్ పేర్లను చెవికి వినిపించినట్లు గొలుసుకట్టు రాతలో రాసుకున్నాడు. ఆ రాతను దశాబ్దాల తరువాత మరొకరు, ఈమధ్య కాలంలోనైతే యంత్రం, చదివి సూచిక తయారుచేశారు. రెండు దశల్లోనూ తప్పులు దొర్లుతాయి. అనుమానం ఉన్న అక్షరానికి బదులు ప్రశ్నార్థకం, కొన్ని అక్షరాలకు బదులు నక్షత్రం గుర్తు పెట్టి వెతకడం ఈ చిక్కుకు మంచి విరుగుడు. ఇంటిపేరును పూర్తిగా వదిలేసి, ఊరు, తండ్రి మొదటి పేరు, అరుదుగా వినిపించే ఒక బిడ్డ పేరు ఇచ్చి వెతకడం అంతకన్నా బాగా పనిచేస్తుంది. చాలా సంపుటాల్లో తప్పుగా చదివిన పేరును వాడుకరులే సరిదిద్దవచ్చు. పాత రూపం చెరిగిపోకుండా కొత్త రూపం దాని పక్కన చేరడం మంచి ఏర్పాటు.

సూచికలో ఎంతకూ దొరకనివారిని పుటలు తిప్పుతూ వెతకాలి. ఇందుకు రాష్ట్రం, కౌంటీ, ఊరు, ఎన్యూమరేషన్ డిస్ట్రిక్టు అన్న వరుసలో పుటల్లోకి దిగే సదుపాయం ఉంది. ఒక గణకుడు జనగణన గడువులోగా తిరగగలిగినంత ప్రాంతమే ఎన్యూమరేషన్ డిస్ట్రిక్టు. పెద్ద నగరాల్లో దాని అంకె తెలియకుండా పుటలు తిప్పడం అసాధ్యం. పాత ఉత్తరం మీదో, మరణ ధ్రువపత్రం మీదో ఉన్న వీధి చిరునామాను బట్టి ఆ అంకెను చెప్పే ఉచిత పరికరాన్ని స్టీఫెన్ మోర్స్ తన వెబ్‌సైటులో ఉంచారు. ఇంటెల్ 8086 మైక్రోప్రాసెసర్‌కు రూపశిల్పి ఆయనే. మన సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు ఎందరో కళాశాలలో ఆ చిప్‌కు అసెంబ్లీ భాషలో ప్రోగ్రాములు రాసినవారే కనుక ఈ సంగతి వారికి సంతోషం కలిగిస్తుందని ఇక్కడ చెబుతున్నాను. ఫ్యామిలీసెర్చ్ ఇటువంటి చిరునామా శోధనను తనలోనే కలుపుకుని ఉంటే ఇంకా బాగుండేది. ఇప్పటికైతే రెండు కిటికీలు తెరుచుకుని పనిచేయవలసిందే.

పుట దొరికాక అందులో రాసినదంతా నిజమని అనుకోవడానికి లేదు. అబ్రహాం లింకన్ కుటుంబమే ఇందుకు ఉదాహరణ. ఇలినాయ్ రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డులో 1850లో గణకుడు రాసిన పుటలో ఆయన భార్య మేరీ వయసు 28. 1860 పుటలో 35. ఆమె 1818 డిసెంబరులో పుట్టారు గనుక ఆ రెండు సందర్భాల్లో అసలు వయసు 31, 41. దేశాధ్యక్షుడు కాబోతున్న మనిషి ఇంట్లోనే పదేళ్లలో ఏడేళ్లు గడిచాయంటే, సామాన్యుల ఇళ్ల సంగతి ఊహించుకోవచ్చు. ఆ రోజు ఇంట్లో ఎవరు ఉంటే వారు చెప్పినదే గణకుడు రాశాడు. ఎవరూ లేకపోతే పొరుగువారిని అడిగి రాసిన సందర్భాలూ ఉన్నాయి. జవాబు ఇచ్చినది ఎవరో గుర్తుపెట్టే పద్ధతి 1940లో వచ్చింది. ఆ ఏడాది పుటల్లో ఒక పేరు పక్కన వృత్తంలో ఇంటూ గుర్తు ఉంటుంది, ఆ మనిషే సమాచారం ఇచ్చినట్టు. కోడలు చెప్పిన అత్తగారి పుట్టినచోటుకు, అత్తగారే స్వయంగా చెప్పినదానికి మధ్య నమ్మకంలో తేడా ఉంటుంది కదా. ఈ గుర్తు సూచికలో కనిపించదు, పుట తెరిస్తేనే కనిపిస్తుంది. నేను పుటను గురించి ఇంతగా పట్టుబట్టడానికి ఇటువంటివే కారణాలు.

ఇంకొక కారణం పొరుగిళ్లు. ఫలితాల పట్టిక మనం వెతికిన ఇంటిని విడదీసి చూపిస్తుంది. పుటలో మాత్రం ఆ ఇల్లు ఆ వీధిలోనే ఉంటుంది. వలస వచ్చినవారు తమ ఊరివారి పక్కనే స్థిరపడ్డారు, పక్కింటి పిల్లలను పెళ్లాడారు, వితంతువైన తల్లి పెళ్లయిన కూతురి ఇంటికి నాలుగు గడపల దూరంలో అద్దెకు ఉంది. పెళ్లి కాకముందు ఆమె ఇంటిపేరేమిటో తెలియని ముత్తవ్వ పుట్టిల్లు అదే పుటలోనో, ముందు వెనుక పుటల్లోనో దొరకడం అరుదేమీ కాదు. కనీసం రెండు పుటలు ముందుకు, రెండు వెనక్కు చదవనిదే ఏ ఇంటి పనీ ముగిసినట్టు నేను లెక్కించను.

1890 పుటలు లేవన్న సంగతి ఫ్యామిలీసెర్చ్ తప్పు కాదు. 1921 జనవరి 10న వాషింగ్టన్‌లోని వాణిజ్య శాఖ భవనంలో జరిగిన అగ్నిప్రమాదంలో అవి చాలావరకు నిప్పుకు, ఆర్పడానికి పోసిన నీటికి పాడైపోయాయి. మిగిలినవాటిని 1930ల్లో ప్రభుత్వమే అనుమతి తీసుకుని ధ్వంసం చేసింది. సుమారు 6.3 కోట్ల మందిని లెక్కించిన ఆ జనగణనలో నేటికి నిలిచినవి ఆరు వేల పైచిలుకు పేర్లు మాత్రమే. 1880లో పసిబిడ్డగా కనిపించినవారు 1900లో వేరే రాష్ట్రంలో, వేరే ఇంటి యజమానిగా కనిపిస్తారు. మధ్యలో ఏం జరిగిందో చెప్పే పుట ఉండదు. కొన్ని రాష్ట్రాలు సొంతంగా జరిపిన జనగణనలు ఈ ఖాళీని కొంత పూరిస్తాయి. న్యూయార్క్ 1892లో, కాన్సస్ 1885, 1895ల్లో జరిపాయి. అయోవా 1925 జనగణనలో తల్లిదండ్రుల పేర్లను, తల్లి పుట్టింటి ఇంటిపేరుతో సహా, అడిగి రాశారు. ఫ్యామిలీసెర్చ్ వీటిని కేంద్ర జనగణనల పక్కనే కనిపించేలా పెట్టి ఉంటే ఎంత బాగుండేదో! ఇప్పుడు సంపుటాల జాబితాలో రాష్ట్రం పేరుతో వెతికితే తప్ప, ఇవి ఉన్నాయని కూడా కొత్తవారికి తెలియదు.

1950 పుటలకు మరొక మంచి దారి ఉంది. అమెరికా చట్టం ప్రకారం వ్యక్తిగత జనగణన వివరాలు 72 ఏళ్ల వరకు రహస్యం. ఆ గడువు తీరి 1950 పుటలు 2022 ఏప్రిల్ 1న వెలువడ్డాయి. అమెరికా జాతీయ ఆర్కైవ్స్ వాటికోసం ప్రత్యేకంగా ఒక వెబ్‌సైటు తెరిచి, చేతిరాతను చదివే కృత్రిమ మేధతో తొలిరోజునే పేర్ల సూచిక ఇచ్చింది. ఖాతా కూడా అవసరం లేదు. యంత్రం చదివిన సూచికను స్వచ్ఛంద సేవకులు తిరిగి సరిచూసినందువల్ల పేరుతో వెతకడానికి ఫ్యామిలీసెర్చ్‌నే నేను ఎంచుకుంటాను. డిస్ట్రిక్టు అంకె తెలిసి నేరుగా పుటలు తిప్పడానికి, పటాలు చూడడానికి మాత్రం జాతీయ ఆర్కైవ్స్ వెబ్‌సైటు హాయిగా ఉంటుంది.

ఒక హెచ్చరిక తప్పనిసరి. ఫ్యామిలీసెర్చ్‌లోని వంశవృక్షం ఎవరి సొంతమూ కాదు, ప్రపంచానికంతా ఉమ్మడి. మీరు ఆధారాలతో జతచేసిన ముత్తాతను తెలియనివారు వచ్చి వేరే కుటుంబంతో కలిపేయవచ్చు. జీవించి ఉన్నవారి వివరాలు ఇతరులకు కనిపించవు గాని, చనిపోయినవారి విషయంలో ఈ రక్షణ లేదు. జనగణన పుటలు వెతకడానికి ఆ వృక్షంలో ఏమీ నింపవలసిన అవసరం లేదు. మీ వృక్షాన్ని మీ కంప్యూటర్లోనే ఉంచుకుని, పుటను దిగుమతి చేసుకుని, దాని మీద సంవత్సరం, రాష్ట్రం, కౌంటీ, డిస్ట్రిక్టు అంకె, షీటు, వరుస సంఖ్య రాసిపెట్టుకోవడం నా సలహా.

మనవారి జాడల సంగతికి వస్తే, 1920, 1930, 1940 జనగణనల్లో జాతి గడిలో భారతీయులకు ఉద్దేశించిన సంకేతం ‘హిందూ’. పంజాబు నుంచి వెళ్లిన సిక్కు రైతులు, బెంగాలీ ముస్లిం నావికులు కూడా ఆ మాట కిందకే వచ్చారు. భగత్ సింగ్ థింద్ కేసులో 1923లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో భారతీయులకు పౌరసత్వపు దారి మూసుకుపోయింది, 1946 చట్టంతోనే తెరుచుకుంది. కనుక పౌరసత్వపు గడిలో కనిపించే విదేశీయుడన్న సంకేతం వెనుక ఆ మనిషి ఇష్టాయిష్టాలు కాక చట్టమే ఉండవచ్చు. 1922లో అమెరికా చేరి హార్వర్డులో పరిశోధన చేసిన యల్లాప్రగడ సుబ్బారావు వంటి శాస్త్రవేత్త 1930లో బోస్టన్‌లో ఉన్నారు. అటువంటివారిని వెతికేటప్పుడు ఇంటిపేరు ముందు రాసే మన పద్ధతి గణకుడికి తెలియదని గుర్తుంచుకుని, సుబ్బా, సుబ్బారో, రో, యల్లా అంటూ ఎన్ని రూపాలు సాధ్యమో అన్నిటినీ ప్రయత్నించాలి. పుట్టిన దేశం ఇండియా అన్న గడితో, నగరం పేరుతో వెతకడం ఇంకా సులువు, ఎందుకంటే ఆనాడు అక్కడ భారతీయులు అతి కొద్దిమందే.

మన దేశపు జనాభా లెక్కల్లో ఇలా తాతల పేర్లు వెతకవచ్చునా అని చాలామంది అడుగుతారు. వీలులేదు. 1872లో మొదలై 1881 నుంచి క్రమంగా జరిగిన మన జనగణనల్లో మనకు అందేవి నివేదికలు, అంకెల పట్టికలు మాత్రమే. 1948 జనగణన చట్టంలోని 15వ సెక్షన్ వ్యక్తుల వివరాలను తనిఖీకి ఇవ్వడాన్ని నిషేధిస్తుంది. ఫ్యామిలీసెర్చ్‌లో భారతదేశానికి సంబంధించి హరిద్వార్ వంటి క్షేత్రాల పండాల వహీల (యాత్రికుల వంశావళి పుస్తకాల) చిత్రాలు ఉన్నాయి, కాని తెలుగు కుటుంబాలకు అంతకన్నా ఆంధ్రలో రీసెటిల్మెంటు రిజిస్టర్లు, పాత అడంగళ్లు, తెలంగాణలో సేత్వార్, 1954–55 నాటి ఖాస్రా పహాణీ వంటి భూమి రికార్డులు ఎక్కువ పనికివస్తాయి. అవి రెవెన్యూ కార్యాలయాల పని. ఈ సేవ పరిధిలోనివి కావు.

చందా కట్టించుకునే ఆన్సెస్ట్రీ వంటి సేవ తీసుకోవాలా అన్నది మీ అవసరాన్ని బట్టి ఉంటుంది. అమెరికా జనగణన వరకైతే ఫ్యామిలీసెర్చ్ చాలు. ఒకే పుటను రెండు సంస్థలు వేరువేరుగా చదివి సూచికలు తయారుచేసిన సంపుటాలు ఉన్నందున, ఇక్కడ దొరకని పేరు అక్కడ దొరకవచ్చు. అందుకోసం చందా కట్టకముందు మీ ఊరి పబ్లిక్ లైబ్రరీలో అడగండి. చాలా లైబ్రరీలు ఆన్సెస్ట్రీని తమ కంప్యూటర్లలో ఉచితంగా అందిస్తున్నాయి. ఇంగ్లండ్ జనగణనల విషయంలో మాత్రం ఫ్యామిలీసెర్చ్ చాలాచోట్ల సూచికను మాత్రమే చూపించి, పుట కోసం చందా సంస్థలకు పంపుతుంది కనుక అక్కడి మూలాలున్న కుటుంబాలు ఈ ఖర్చును ముందే లెక్కలో వేసుకోవాలి.

1960 పుటలు 72 ఏళ్ల గడువు తీరి 2032 ఏప్రిల్‌లో రావలసి ఉంది. 1950 జనగణన తరువాతి దశాబ్దంలో పై చదువులకు వెళ్లిన తెలుగు విద్యార్థులు, వైద్యులు పేర్లతో సహా కనిపించేది వాటిలోనే. ఆ తరంవారు ఇంకా మన మధ్య ఉన్న ఇళ్లలో, 1960 ఏప్రిల్‌లో వారు ఏ ఊళ్లో, ఏ వీధిలో, ఎవరితో కలిసి ఉన్నారో ఇప్పుడే అడిగి రాసిపెట్టుకోవాలి. సూచిక వారి పేరును ఎలా చదివినా, ఆ చిరునామా ఉంటే పుట దొరుకుతుంది.